30 శాతం పెంచుతామన్నా వద్దన్నారు: ఫెడెక్స్ పైలట్లకు యాజమాన్యం మీద ఎందుకంత అనుమానం?

విభాగం: విమానయానం – కార్గో

#1 మెంఫిస్_వాసు (మెంఫిస్) – 4 జనవరి 2025

అందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు. నేను అమెరికాలో ఫెడెక్స్ పార్సిల్ కంపెనీ కేంద్రం ఉన్న మెంఫిస్‌లో ఉంటాను, పని ఒక ఆసుపత్రి ఐటీలో. విమానాల గురించి నాకు తెలిసింది తక్కువ. రాత్రి పది దాటితే మా ఇంటి మీదుగా ఒకదాని వెనక ఒకటి దిగుతాయి, తెల్లారేలోపు మళ్లీ లేచి వెళ్లిపోతాయి, అంతే. కాకపోతే మా కాలనీలో పైలట్ల కుటుంబాలు చాలా ఉన్నాయి. క్రిస్మస్ పార్టీలో ఎవరిని కదిపినా "పైవాళ్లు చెప్పేది ఒక్క ముక్క నమ్మం" అన్నవాళ్లే.

నాకు అర్థం కానిది ఏమిటంటే, 2023లో ఫెడెక్స్ పైలట్ల యూనియన్‌కీ కంపెనీకీ ఒప్పందం కుదిరింది. జీతం 30 శాతం పెంపు, పాత పెన్షన్ కూడా 30 శాతం పెంపు. జూలైలో ఓటింగ్ పెడితే 57 శాతం మంది వద్దన్నారు. ఏడాదిన్నర గడిచింది, రెండో ఒప్పందం ఇంకా లేదు. ఈలోగా కంపెనీ రూపమే మారిపోతోంది. మొన్న డిసెంబర్ 19న ఫ్రైట్ విభాగాన్ని, అంటే లారీల వ్యాపారాన్ని, విడగొడతామని ప్రకటించారు. దానికి కూడా పైలట్లు ఉడికిపోతున్నారు. లారీలతో వీళ్లకేం పని?

ఇది అత్యాశేనా, ఇంకేమైనా ఉందా? ఈ రంగంలో ఉన్నవాళ్లు చెప్పండి.

#2 లెక్కల_మాస్టారు (హైదరాబాద్) – 4 జనవరి

అత్యాశే. పెద్ద విమానం కెప్టెన్ సంపాదన ఏడాదికి మూడు లక్షల డాలర్లు దాటుతుంది. దాని మీద 30 శాతం ఇస్తామంటే కాదన్నారు.

కంపెనీ వైపు నుంచి కూడా చూడండి. 2022 సెప్టెంబర్‌లో లాభాలు తగ్గుతాయని చెప్పగానే షేరు ఒక్క రోజులో 21 శాతం పడింది. కోవిడ్ కాలపు పార్సిళ్ల వరద ఆగిపోయింది. అందుకే డ్రైవ్ అని పేరు పెట్టి 400 కోట్ల డాలర్ల ఖర్చు తగ్గించే పని మొదలుపెట్టారు. ఎక్స్‌ప్రెస్ (విమానాల్లో వెళ్లే పార్సిళ్లు), గ్రౌండ్ (రోడ్డు మీద వెళ్లే పార్సిళ్లు) అని విడివిడిగా ఉన్న కంపెనీలను 2024 జూన్ 1 నుంచి ఒకటి చేశారు. ఒకే వీధిలోకి ఒకే కంపెనీ బండ్లు రెండు వచ్చే పద్ధతి ఎన్నాళ్లు నడుస్తుంది? పైగా 2001 నుంచి ఉన్న అమెరికా పోస్టల్ కాంట్రాక్టు 2024 సెప్టెంబర్‌తో అయిపోయి పోటీ కంపెనీ యూపీఎస్ చేతికి వెళ్లింది. మోసే సరుకు తగ్గినప్పుడు మోసేవాళ్లకు జీతాలు ఎలా పెంచుతారు?

ఇంకో మాట. ఫెడెక్స్ పుట్టినప్పటి నుంచి ఇప్పటిదాకా ఒక్క పైలట్‌ని కూడా లేఆఫ్ చేయలేదు. అమెరికాలో ఇలా చెప్పుకోగల ఎయిర్‌లైన్లు ఎన్ని ఉన్నాయి? నమ్మకం పోయిందంటున్న వాళ్లు ఈ సంగతి ఎందుకు ఎత్తరు?

#3 చిట్టినాయుడు_సీపీఎల్ – 4 జనవరి

లారీలను స్పిన్ ఆఫ్ చేశారు, నమ్మకాన్ని కూడా చేసేశారేమో 😀

#4 రాత్రి_డ్యూటీ (ప్రస్తుతం లేఓవర్‌లో) – 5 జనవరి

వాసు గారూ, నాది విజయవాడ. పదిహేనేళ్లుగా సరుకు విమానాలే నడుపుతున్నాను, అమెరికాలో కాదు. ఫెడెక్స్‌లో స్నేహితులు ఉన్నారు, సిమ్యులేటర్ దగ్గర, హోటల్ బస్సుల్లో కలుస్తుంటాం. నాకు అర్థమైనంత వరకు చెప్తాను, కొంచెం పెద్దదవుతుంది.

ముందు జీతం సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే మాస్టారు చెప్పినదాంట్లో సగమే ఉంది. వాళ్ల పాత కాంట్రాక్టు 2015ది. 2021 నవంబర్‌లోనే మార్చుకోవలసింది. ఈలోపు ధరలు ఎక్కడికి పోయాయో అందరికీ తెలుసు. 2023 మార్చిలో డెల్టా పైలట్లకు నాలుగేళ్లలో 34 శాతం వచ్చింది. ఫెడెక్స్ వాళ్ల ముందు 30 శాతం పెట్టే సమయానికి బజారు రేటు అంతకంటే పైన ఉంది. ఆ వేసవిలోనే అమెరికన్, యునైటెడ్ 40 దరిదాపుల్లోకి వెళ్లాయి. కోవిడ్‌లో ప్రయాణికుల విమానాలు నేలమీద ఉంటే, మాస్కులూ టీకాలూ మోసి, దేశదేశాల్లో హోటల్ గదుల్లో తాళం వేయించుకుని క్వారంటైన్‌లో కూర్చున్నది కార్గో వాళ్లు. ఆ ఏడాదుల్లో కంపెనీకి లాభాలు బాగానే వచ్చాయి. బేరం దగ్గరికి వచ్చేసరికి "రోజులు బాగాలేవు" అన్నారు. మంచి రోజుల్లో బేరం సాగదీసి, చెడ్డ రోజుల్లో ముగిద్దామన్నారన్నది వాళ్ల మొదటి అనుమానం.

కానీ అసలు విషయం జీతం కాదని నా ఉద్దేశం. అసలు విషయం స్కోప్. అంటే కంపెనీ పేరుతో వెళ్లే సరుకులో ఎంత భాగాన్ని కంపెనీ పైలట్లే నడపాలి అన్న నిబంధన. జీతం గంటకు ఎంతైనా కానీ, గంటలే లేకపోతే ఏం లాభం?

2024లో కంపెనీ ట్రైకలర్ అని కొత్త పద్ధతి తెచ్చింది. పర్పుల్ అంటే సొంత విమానాలు, రాత్రి హబ్‌కి (సరుకంతా ఒకచోట చేర్చి ఊళ్ల వారీగా విడదీసే కేంద్రం) చేరి తెల్లారేసరికి పంపిణీ చేసే తొందర సరుకు. ఆరెంజ్ కూడా సొంత విమానాలే, కానీ పగటి వేళ, కొంచెం నెమ్మదిగా వెళ్లినా ఫర్వాలేని సరుకు. మూడోది వైట్. ఇది బయటివాళ్ల విమానాలు. ప్రయాణికుల విమానం కడుపులో అద్దెకు తీసుకునే చోటు కూడా ఇందులోకే వస్తుంది. ఇన్వెస్టర్ల మీటింగులో ఈ మూడు రంగుల గీతల పటం చూపిస్తే వెసులుబాటు అంటారు. అదే పటం పైలట్ చూస్తే వాడి కళ్లు నేరుగా తెల్ల గీతల మీదకే పోతాయి. ఈ ఏడాది అవి ఎన్ని, వచ్చే ఏడాది ఎన్ని అని.

ఒకే కంపెనీ, ఒకే వారం, ఒకే పటం. షేర్ల వాళ్లకు "బయటి విమానాలు వాడుకుని ఖర్చు తగ్గిస్తాం" అని చెప్పి, పైలట్లకు "మీ పని ఎక్కడికీ పోదు" అని చెబితే రెండూ విన్నవాడు ఏది నమ్మాలి? ఆ మీటింగుల రికార్డింగ్ అందరికీ దొరుకుతుంది. పైలట్లు అది మొదటి నుంచి చివరి దాకా వింటారు. నైట్ హాల్ట్‌లో ఇంకేం పని ఉంటుంది చెప్పండి.

#5 శంషాబాద్_స్పాటర్ – 5 జనవరి

రాత్రి_డ్యూటీ గారు చెప్పినదానికి కొంచెం కలుపుతాను. బయటివాళ్ల చేత నడిపించడం ఫెడెక్స్‌కి కొత్తేమీ కాదు. చిన్న ఊళ్లకు వెళ్లే సెస్నా కారవాన్, ఏటీఆర్ లాంటి చిన్న విమానాలు చూశారా? రంగు ఫెడెక్స్‌ది, పైలట్లు వేరే ఆపరేటర్లవాళ్లు. ఫెడెక్స్ సొంత పైలట్ల సీనియారిటీ లిస్టులో వాళ్ల పేర్లు ఉండవు. 2016లో టీఎన్‌టీ అనే యూరప్ కొరియర్ సంస్థని కొన్నప్పుడు యూరప్ చట్టం ప్రకారం అక్కడి ఎయిర్‌లైన్ విదేశీ కంపెనీ చేతిలో ఉండకూడదు కాబట్టి, టీఎన్‌టీ ఎయిర్‌వేస్‌ని ఏఎస్‌ఎల్ అనే ఐర్లండ్ గ్రూపుకి అమ్మారు. ఆ గ్రూపే తర్వాత ఫెడెక్స్ సరుకును యూరప్‌లో మోసింది.

అంటే నమూనా ఎప్పటి నుంచో ఉంది. ఇన్నాళ్లూ అంచుల్లో ఉన్నది ఇప్పుడు మధ్యలోకి వస్తుందేమో అన్నదే భయం. 2024 వేసవిలో 22 బోయింగ్ 757లను ఒకేసారి రిటైర్ చేస్తున్నట్టు ప్రకటించారు. మనం స్పాటర్లం ఫొటోలు తీసుకుని బాధపడ్డాం, అక్కడ ఆ సీట్లలో కూర్చునేవాళ్లు బాధపడింది వేరే లెక్క.

#6 ఆర్టీసీ_రిటైర్డ్ (కరీంనగర్) – 5 జనవరి

విమానాలు నాకు తెలియవు గానీ ఈ తెల్ల గీతల కథ బాగా తెలుసు. మా దగ్గర దాని పేరు హైర్ బస్సు. రంగు ఆర్టీసీది, టికెట్ ఆర్టీసీది, బస్సు మాత్రం ప్రైవేటు ఓనర్‌ది, డ్రైవర్ ఓనర్ పెట్టుకున్నవాడు. మొదట "రద్దీ ఉన్న రూట్లకు కొన్ని మాత్రమే" అన్నారు. 2019 సమ్మె నడుస్తుండగా 5,100 రూట్లు ప్రైవేటుకు ఇస్తామని కేబినెట్‌లో తీర్మానం చేశారు. 52 రోజుల సమ్మె అది. డిపోలో నోటీసు బోర్డు మీద ఏం రాసినా ఎవరూ చదివేవారు కాదు, షెడ్డులో హైర్ బండ్లు ఎన్ని పెరిగాయో లెక్కపెట్టుకునేవారు.

#7 రాత్రి_డ్యూటీ – 5 జనవరి

అన్నగారూ, సరిగ్గా అదే.

#8 ఓహాయో_బాబాయ్ (డేటన్ దగ్గర) – 6 జనవరి

విల్మింగ్టన్ గురించి ఎవరూ ఎత్తలేదేమిటా అని చూస్తున్నాను. అమెరికా కార్గో పైలట్ ఎవరి దగ్గరైనా రీస్ట్రక్చరింగ్ (కంపెనీ పునర్వ్యవస్థీకరణ) అనే మాట అనండి, వాళ్ల మనసు ముందు విల్మింగ్టన్‌కే పోతుంది. నేను ఆ రోజుల్లో అక్కడికి ముప్పై మైళ్లలో ఉండేవాణ్ణి, కాబట్టి చెప్పగలను.

విల్మింగ్టన్ అనేది సిన్సినాటికీ కొలంబస్‌కీ మధ్య పన్నెండు వేల జనాభా ఉన్న ఊరు. పాత వైమానిక స్థావరంలో ఎయిర్‌బోర్న్ ఎక్స్‌ప్రెస్ అనే కొరియర్ కంపెనీ తన హబ్ పెట్టుకుంది. ఎయిర్‌పోర్టే వాళ్లది. ఊళ్లో సగం ఇళ్లలో ఎవరో ఒకరు రాత్రి సార్టింగ్‌కి వెళ్లేవారు. 2003లో జర్మనీ కొరియర్ సంస్థ డీహెచ్‌ఎల్ దాన్ని వంద కోట్ల డాలర్లు పైన పెట్టి కొంది. ఇక్కడే మెలిక. అమెరికా చట్టం ప్రకారం విదేశీయుడికి ఎయిర్‌లైన్‌లో పాతిక శాతానికి మించి ఓటు హక్కు ఉండకూడదు. అందుకని నేలమీది వ్యాపారం డీహెచ్‌ఎల్ ఉంచుకుని, విమానాలనూ పైలట్లనూ ఏబీఎక్స్ ఎయిర్ అనే వేరే కంపెనీగా బయటపెట్టింది. డీహెచ్‌ఎల్ సొంత పాత ఎయిర్‌లైన్ ఇంకొకటి, అది ఆస్టార్ అనే పేరుతో మరొకరి చేతికి వెళ్లింది.

దాంతో ఏమైందంటే పైలట్ నడిపేది పసుపుపచ్చ డీహెచ్‌ఎల్ విమానం, జీతం ఇచ్చేది ఏబీఎక్స్. పని ఉంటుందా అని ఏబీఎక్స్‌ని అడిగితే "అది మా కస్టమర్ ఇష్టం" అంటుంది. డీహెచ్‌ఎల్‌ని అడిగితే "మీరు మా ఉద్యోగులు కారు" అంటుంది. ఇద్దరూ నిజమే చెబుతున్నారు, అదీ చిక్కు. ఆ అయిదేళ్లూ హబ్ మీద పెట్టుబడులు పెడుతూనే వచ్చారు. సిన్సినాటి ఎయిర్‌పోర్టులో ఉన్న హబ్‌ని కూడా 2005లో విల్మింగ్టన్‌కే తెచ్చి కలిపారు. అది చూసి జనం ఇళ్లు కొనుక్కున్నారు. 2008 మే చివర్లో ఒక రోజు, ఇక మా సరుకు యూపీఎస్ విమానాల్లో వెళ్తుంది, మాట్లాడుతున్నాం అని ప్రకటన వచ్చింది. యూపీఎస్ అంటే నిన్నటిదాకా పోటీదారు! నవంబర్ కల్లా ఆ మాట కూడా మారింది, అమెరికా లోపలి వ్యాపారమే మానేస్తున్నాం అన్నారు. 2009 జనవరి 30తో సరి. ఆ ఒక్క హబ్ మీద ఆధారపడిన వేల ఉద్యోగాలు పోయాయి. డీహెచ్‌ఎల్ తన అంతర్జాతీయ పార్సిళ్లతో మళ్లీ సిన్సినాటికి వెళ్లిపోయింది. ఆస్టార్ ఇంకో మూడేళ్లు ఈడ్చి 2012లో మూతపడింది.

ఇది చూసినవాళ్లలో కొందరు తర్వాత ఫెడెక్స్‌లోనూ యూపీఎస్‌లోనూ చేరారు. కాక్‌పిట్‌లో పక్క సీటులో కూర్చునేది వాళ్లే. ఏడెనిమిది గంటల ప్రయాణంలో ఈ కథ ఎన్నిసార్లు చెప్పి ఉంటారో ఊహించుకోండి.

#9 లెక్కల_మాస్టారు – 6 జనవరి

బాబాయ్ గారూ, కథ బాధాకరమే. కానీ డీహెచ్‌ఎల్ అమెరికాలో ఏటా వంద కోట్ల డాలర్ల దరిదాపు పోగొట్టుకుంటోంది అప్పుడు. మూయక ఏం చేస్తుంది? నష్టాల్లో ఉన్న వ్యాపారానికీ, లాభాల్లో ఉన్న ఫెడెక్స్‌కీ పోలిక కుదరదు.

యాజమాన్యం కూడా ఒకరికి జవాబు చెప్పాలి అన్నది మీరు మర్చిపోతున్నారు. 2022 జూన్‌లో రాజ్ సుబ్రమణియం సీఈఓ అయిన నెలలోనే డీఈ షా అనే ఫండ్‌తో ఒప్పందం చేసుకుని బోర్డులోకి కొత్త డైరెక్టర్లను తీసుకున్నారు, డివిడెండ్ సగానికి పైగా పెంచారు. షేర్ల వాళ్లు మెడ మీద కూర్చున్నప్పుడు ఎవరైనా ఇదే చేస్తారు. ఆయన స్థానంలో పైలట్‌ని కూర్చోబెట్టినా అంతే.

#10 ఓహాయో_బాబాయ్ – 6 జనవరి

మూయడం తప్పు అని నేనూ అనలేదు మాస్టారూ. మూసే ముందు దాకా "మీకేం కాదు" అన్నారు, అది తప్పు.

డివిడెండ్ గురించి మీరే చెప్పారు, మంచిదైంది. ఖర్చు తగ్గించిన డబ్బు ఎటు వెళ్లిందో పైలట్లకూ కనిపిస్తుంది కదా. చేతిలో లేదు అంటే ఒక లెక్క. ఉంది గానీ మీకు కాదు అంటే ఇంకో లెక్క.

#11 కొలియర్‌విల్_పద్మ – 6 జనవరి

వాసు గారూ, మేము మీకు దగ్గర్లోనే, కొలియర్‌విల్‌లో ఉంటాం. ఇక్కడి తెలుగువాళ్లలో చాలామందికి ఏదో ఒక రకంగా ఆ కంపెనీతో లింకు ఉంటుంది కాబట్టి ఎవరూ బయట మాట్లాడరు 🙂

నేను చెప్పేది వేరే కోణం. ఈ ఊళ్లో "పర్పుల్ బ్లడ్" అనేవారు, ఒంట్లో పారేది కంపెనీ రంగు రక్తం అని. ఫ్రెడ్ స్మిత్ 1973లో 14 చిన్న ఫాల్కన్ విమానాలతో మొదలుపెట్టాడు, మొదటి రాత్రి మోసింది 186 పార్సిళ్లు. స్మిత్ వియత్నాంలో పనిచేసిన మెరైన్, పైలట్లలో మిలిటరీ నుంచి వచ్చినవాళ్లు చాలామంది. అందుకని ఒక రకం గౌరవం ఉండేది. మనుషులు, సేవ, లాభం అని అదే వరసలో మూడు మాటలు కంపెనీ సూత్రంగా పెట్టుకున్నారు. 2022లో ఆయన సీఈఓగా తప్పుకుని ఎగ్జిక్యూటివ్ చైర్మన్ అయ్యాక, ఇప్పుడు వరస తిరగబడింది అని పాతవాళ్లు అంటారు.

అయితే పాత రోజులన్నీ బంగారం అనుకోవద్దు. 1989లో ఫ్లయింగ్ టైగర్స్ అనే కార్గో ఎయిర్‌లైన్‌ని కలుపుకున్నప్పుడు సీనియారిటీ లిస్టు ఎలా కలపాలి అని పెద్ద గొడవ. టైగర్స్ వాళ్లకు యూనియన్ ఉంది, ఫెడెక్స్ వాళ్లకు లేదు. కలిశాక ఓటింగ్ పెడితే యూనియన్ వద్దన్నారు, 1993లో కావాలన్నారు, మళ్లీ దాన్ని వదిలి సొంత సంఘం పెట్టుకున్నారు. మొదటి కాంట్రాక్టు చేతికి వచ్చేసరికి 1999. 2002లో మళ్లీ ఆ పాత యూనియన్ ఆల్పాలోనే (అమెరికా పైలట్ల పెద్ద సంఘం) చేరారు. అనుమానం మొన్న పుట్టింది కాదు.

#12 మెంఫిస్_వాసు – 7 జనవరి

ఇంత వివరంగా చెప్తారనుకోలేదు, అందరికీ థ్యాంక్స్. రెండు ప్రశ్నలు.

ఒకటి, ఇంత నమ్మకం లేకపోతే మానేసి డెల్టాకో యునైటెడ్‌కో వెళ్లిపోవచ్చు కదా? మా ఐటీలో అయితే రెండేళ్లకోసారి మారుతాం.

రెండు, 2023 శీతాకాలంలో కంపెనీయే పైలట్లను వేరే ఎయిర్‌లైన్‌కి వెళ్లమన్నదని ఇక్కడ పెద్ద చర్చ నడిచింది. అదేమిటి?

#13 రాత్రి_డ్యూటీ – 7 జనవరి

రెండో దానితో మొదలుపెడతాను, మొదటిదానికి జవాబు అందులోనే ఉంది.

2023 నవంబర్‌లో ఫెడెక్స్, మా దగ్గర పైలట్లు పనికి మించి ఉన్నారు, పీఎస్ఏలో కెప్టెన్ల అవసరం ఉంది, ఆసక్తి ఉంటే చూసుకోండి అని పైలట్లకు చెప్పింది. పీఎస్ఏ అనేది అమెరికన్ ఎయిర్‌లైన్స్ కింద చిన్న ఊళ్లకు సీఆర్‌జే విమానాలు నడిపే ప్రాంతీయ సంస్థ. తర్వాత అమెరికన్‌లోకి దారి ఉంటుందన్నది ఆకర్షణ. కంపెనీ వైపు నుంచి చూస్తే లేఆఫ్ కంటే నయమే కదా అనిపించి ఉంటుంది. ఒప్పందాన్ని తిప్పికొట్టి నాలుగు నెలలైంది, కొత్త బేరం నడుస్తోంది. సముద్రాలు దాటే విమానం నడిపేవాణ్ణి పిలిచి "కావాలంటే చిన్న విమానానికి వెళ్లిపో" అంటే వాడికి ఎలా వినిపిస్తుంది? "నువ్వు ఉన్నా లేకపోయినా ఒకటే" అనే కదా.

ఇక మారడం సంగతి. ఐటీలో మీరు మారితే జీతం పెరుగుతుంది. పైలట్ మారితే లిస్టులో అట్టడుగున చేరతాడు. అమెరికా ఎయిర్‌లైన్లలో విమానం, బేస్, నెల షెడ్యూల్, సెలవు, కుడి సీటా (ఫస్ట్ ఆఫీసర్) ఎడమ సీటా (కెప్టెన్), ఇవన్నీ సీనియారిటీ నంబర్ మీదే నడుస్తాయి. ఆ నంబర్ ఆ కంపెనీలోనే చెల్లుతుంది, బయట దానికి విలువ సున్నా. ఇరవై ఏళ్ల కెప్టెన్ వేరే చోట చేరితే ఇరవై అయిదేళ్ల కుర్రాడి వెనక నిలబడి, క్రిస్మస్ రోజున పిలుపు కోసం ఎదురుచూస్తూ రిజర్వ్‌లో కూర్చోవాలి. వయసు 65 దాటితే ఎలాగూ ఆపేస్తారు. కాబట్టి ముప్పై దాటి చేరినవాడికి రెండో అవకాశం ఉండదు. యాజమాన్యంలో ఉన్నవాళ్లకు ఉంటుంది. రీస్ట్రక్చరింగ్ చేసిన పెద్దాయన మూడేళ్లలో ఇంకో కంపెనీకి ఇంకా పెద్ద పదవికి వెళ్తాడు, అది వాళ్ల రెజ్యూమేలో ఒక లైను. మాకు అది మిగిలిన ఉద్యోగ జీవితమంతా. నోటిమాట మీద కాకుండా కాగితం మీద రాసి ఇమ్మని పట్టుబట్టడం ఇందుకే.

మాస్టారు లేఆఫ్ లేదన్నది నిజం. దానికి తోక ఒకటి ఉంది. కాంట్రాక్టులో 4.ఎ.2.బి అని ఒక క్లాజు ఉంటుంది. పని తగ్గినప్పుడు లేఆఫ్ బదులు అందరి గ్యారంటీ గంటలూ (నెలకు కనీసం ఇన్నింటికి జీతం ఇస్తామన్న గంటలు) తగ్గించవచ్చు. 2009 మాంద్యంలో అది వాడారు. ఎవరి ఉద్యోగం పోలేదు, అందరి జీతం తగ్గింది. ఇందులో న్యాయం ఉంది అనేవాళ్లు పైలట్లలోనే ఉన్నారు. కానీ పైలట్ల అమెరికన్ ఫోరంలలో ఆ క్లాజు పేరు ఒక్కటీ చాలు, ఏ చర్చనైనా తగలబెట్టడానికి.

#14 ఆర్టీసీ_రిటైర్డ్ – 7 జనవరి

మరి సమ్మె చేయరేం? 99 శాతం ఓటు వేశారని ఎక్కడో చదివాను.

#15 రాత్రి_డ్యూటీ – 7 జనవరి

వేశారు, 2023 మేలో. కానీ ఓటు వేయగానే సమ్మె చేయడానికి లేదు. రైల్వే లేబర్ యాక్ట్ అని 1926 నాటి చట్టం, 1936లో ఎయిర్‌లైన్లనూ దాని కిందకి తెచ్చారు. ఆ చట్టం కింద కాంట్రాక్టుకు గడువు తీరడం అంటూ ఉండదు, మార్చుకోదగిన తేదీ మాత్రమే వస్తుంది. కొత్తది కుదిరేదాకా పాతదే నడుస్తుంది. నేషనల్ మీడియేషన్ బోర్డు మధ్యవర్తిగా కూర్చుంటుంది. ఇక కుదరదు అని ఆ బోర్డు వదిలిపెట్టాలి, తర్వాత 30 రోజులు ఆగాలి, ఆపైన ప్రెసిడెంట్ జోక్యం చేసుకోవచ్చు. బోర్డు వదలకుండా ఏళ్లు కూర్చోబెట్టవచ్చు.

ఈ ఆలస్యం రెండు వైపులా సమానం కాదు. పాత జీతంతో నడిచే ప్రతి నెలా కంపెనీకి మిగులు. అందుకే "చిత్తశుద్ధితో చర్చిస్తున్నాం" అన్న ప్రకటన వచ్చినప్పుడల్లా పైలట్లు నవ్వుకుంటారు.

బాబాయ్ చెప్పిన ఏబీఎక్స్ వాళ్లు 2016 నవంబర్‌లో థాంక్స్‌గివింగ్ ముందు పని ఆపేశారు. సెలవు రోజుల్లో బలవంతంగా డ్యూటీలు వేస్తున్నారని వాళ్ల ఆరోపణ. అమెజాన్, డీహెచ్‌ఎల్ సరుకు ఆగింది. రెండు రోజులు తిరగకుండా ఫెడరల్ జడ్జి తిరిగి పనిలోకి వెళ్లమన్నాడు.

#16 లెక్కల_మాస్టారు – 7 జనవరి

కాగితం మీద రాసి ఇమ్మనడం బాగుంది. ఎంత రాసి ఇస్తారు? రేపు సరుకు సగానికి పడితే ఆ కాగితం చూపించి కంపెనీని ముంచుతారా? స్కోప్ బిగించేకొద్దీ కంపెనీ కదలలేదు. పోటీలో అమెజాన్ ఏం చేస్తోంది? ఒక్క పైలట్‌ని కూడా సొంతంగా పెట్టుకోకుండా ఏబీఎక్స్ లాంటి బయటి ఎయిర్‌లైన్ల చేత నడిపిస్తోంది. దానితో ఫెడెక్స్ ఎలా పోటీ పడాలి? ఈ ప్రశ్నకు యూనియన్ దగ్గర జవాబు లేదు, అందుకే కోపం.

#17 రాత్రి_డ్యూటీ – 8 జనవరి

ఈ థ్రెడ్‌లో మీరు వేసిన వాటిలో ఇదే గట్టి ప్రశ్న మాస్టారూ. నా దగ్గరా పూర్తి జవాబు లేదు. ఒకటి మాత్రం చెప్పగలను. సరుకు పడితే గంటలు తగ్గుతాయని పైలట్లకు తెలుసు, దానికి ఒప్పుకున్న క్లాజే 4.ఎ.2.బి. వాళ్లు భయపడేది సరుకు ఉండి కూడా పని పోవడం గురించి.

నేల మీద ఏం జరిగిందో చూశారు కదా. ఎక్స్‌ప్రెస్ డ్రైవర్లు కంపెనీ ఉద్యోగులు, గ్రౌండ్ డ్రైవర్లు కాంట్రాక్టర్ల మనుషులు. నెట్‌వర్క్ 2.0 అని రెండూ కలిపినప్పుడు చాలా చోట్ల పార్సిళ్లు కాంట్రాక్టర్ల బండ్లలోకి వెళ్లాయి, కంపెనీ డ్రైవర్లకు పని పోయింది. పార్సిల్ తగ్గలేదు, మనిషి మారాడు. కింద జరిగింది పైన జరగదని ఎవరు హామీ ఇస్తారు?

వాసు గారు మొదట్లో లారీల గురించి అడిగారు, అది మిగిలిపోయింది. ఫ్రైట్ విభాగం ఆ గ్రూపులో లాభాల శాతం ఎక్కువ ఉన్న వ్యాపారం. అది విడిపోతే మిగిలేది పార్సిళ్లు, విమానాలు. అంటే ఖర్చు ఎక్కువున్న భాగం ఒంటరిగా షేర్ మార్కెట్ ముందు నిలబడుతుంది. రేపు ఖర్చు తగ్గించమని ఒత్తిడి వస్తే కత్తి ఎటు తిరుగుతుందో చెప్పడానికి ఎంబీఏ అక్కర్లేదు.

#18 డెక్కన్_ఎఫ్‌ఓ – 8 జనవరి

మన దగ్గరి అనుభవం ఒకటి. నేను భారతదేశంలో ఒక చిన్న సరుకు ఎయిర్‌లైన్‌లో చేశాను, పేరు వద్దు. కొత్త పెట్టుబడిదారు వస్తున్నాడు, విమానాలు పెరుగుతాయి అని ఊదరగొట్టారు. టౌన్‌హాల్‌లో సమోసాలు పెట్టారు. జీతం మాత్రం మొదట పది రోజులు ఆలస్యం, తర్వాత నెల. విమానాల లీజు కట్టడం లేదని మాకు తెలిసింది మేనేజ్‌మెంట్ చెప్పినందువల్ల కాదు, ఇంజినీరింగ్ వాళ్లు స్పేర్ పార్ట్ అడిగితే సప్లయర్ ముందు డబ్బు కట్టమన్నందువల్ల. మనకు అక్కడిలా స్కోప్ లేదు, మధ్యవర్తి బోర్డు లేదు. ఉన్నది నోటీస్ పీరియడ్. 2017 నుంచి డీజీసీఏ (మన విమానయాన నియంత్రణ సంస్థ) నిబంధన ప్రకారం కెప్టెన్‌కి ఏడాది, ఫస్ట్ ఆఫీసర్‌కి ఆరు నెలలు. కంపెనీ మునుగుతోందని కళ్లముందు కనిపిస్తున్నా, వదిలి వెళ్లడానికి ఆరు నెలలు అందులోనే కూర్చోవాలి.

మెంఫిస్ వాళ్లకు కనీసం చదువుకోవడానికి ఒక కాంట్రాక్టు ఉంది.

#19 శంషాబాద్_స్పాటర్ – 8 జనవరి

ఒక విషయం ఎవరూ అనలేదు. ఈ గొడవ భద్రత మీద కూడా పడుతుంది. 2009లో కోల్గన్ ఎయిర్ విమాన ప్రమాదం తర్వాత అమెరికాలో పైలట్ల విశ్రాంతి నియమాలు మార్చారు, 2014 జనవరి నుంచి అమలు. అందులో కార్గోని మినహాయించారు, ఖర్చు ఎక్కువవుతుందని. ఈలోపే 2013 ఆగస్టు 14న యూపీఎస్ ఎ300 సరుకు విమానం బర్మింగ్‌హామ్‌లో రన్‌వేకి ముందే కూలి ఇద్దరు పైలట్లూ చనిపోయారు. కాక్‌పిట్ రికార్డర్‌లో బయలుదేరే ముందు వాళ్లు మాట్లాడుకున్నది ఈ విశ్రాంతి నియమాల్లో కార్గోకి వేరే పద్ధతి ఏమిటనే. చదివితే కడుపులో దేవినట్టవుతుంది.

#20 రాత్రి_డ్యూటీ – 8 జనవరి

అవును. ఫోన్ తీసి "అలసిపోయాను, ఈ ట్రిప్పు నడపలేను" అని చెప్పాలంటే అవతలివాడి మీద నమ్మకం ఉండాలి. రేపు దీన్ని నామీద వాడతాడు అనిపించిన రోజున పైలట్ కాఫీ తాగి ఎక్కేస్తాడు. రీస్ట్రక్చరింగ్ ఖర్చుల పట్టికలో ఇది ఏ గడిలోనూ కనిపించదు.

#21 చిట్టినాయుడు_సీపీఎల్ – 9 జనవరి

అన్నలూ, జోకులు పక్కన పెట్టి అడుగుతున్నా. నాకు ఇంకో నలభై గంటలు ఎగిరితే సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్) అయిపోతుంది. ఇంట్లో కోటి దాకా లోన్ పెట్టారు. కార్గోలో చేరొచ్చా వద్దా? ఇదంతా చదివాక టెన్షన్ వస్తోంది.

#22 రాత్రి_డ్యూటీ – 9 జనవరి

చేరు తమ్ముడూ, నాకు కార్గో అంటే ఇప్పటికీ ఇష్టమే. పెట్టెలు ఫిర్యాదు చేయవు. చేరే ముందు మూడు చూడు. నెలకు కనీసం ఎన్ని గంటల జీతం ఇస్తారో కాగితం మీద ఉందా? బాండ్ ఎంత, కంపెనీయే మూతపడితే బాండ్ ఎవరికి కట్టాలో రాశారా? విమానాలు సొంతవా లీజా? హెచ్‌ఆర్ మేడమ్ చెప్పింది కాదు, అక్కడ ఇప్పుడు పనిచేస్తున్న ఫస్ట్ ఆఫీసర్‌ని టీ తాగుతూ అడుగు, జీతం ఏ తారీఖున పడుతోంది అని.

#23 లెక్కల_మాస్టారు – 9 జనవరి

బ్యాలెన్స్ షీట్ కూడా చూడు బాబూ. కంపెనీల రిజిస్ట్రార్ దగ్గర ఫీజు కడితే దొరుకుతుంది. నాకు పంపితే నేను చదివిపెడతాను.

#24 మోడరేటర్ – 9 జనవరి

ఉద్యోగాల ప్రశ్నలకు "కెరీర్" విభాగంలో వేరే థ్రెడ్ ఉంది, చిట్టినాయుడు అక్కడ పెట్టగలరు. నిన్న రాత్రి ఒక సభ్యుడు సీఈఓ పుట్టిన రాష్ట్రం గురించి పెట్టిన పోస్టు తీసేశాను. కంపెనీ నిర్ణయాల మీద ఎంతైనా మాట్లాడండి, అలాంటివి వద్దు. థ్రెడ్ తెరిచే ఉంటుంది.

#25 మెంఫిస్_వాసు – 9 జనవరి

మాస్టారూ, ఫెడెక్స్ వార్షిక రిపోర్టులో బయటి ఎయిర్‌లైన్లకు కట్టే డబ్బు విడిగా కనిపిస్తుందా? పోయిన ఏడాదికీ ఈ ఏడాదికీ పోల్చి చూద్దామని.

#26 లెక్కల_మాస్టారు – 9 జనవరి

"పర్చేజ్డ్ ట్రాన్స్‌పోర్టేషన్" అని ఒక లైను ఉంటుంది. కానీ గ్రౌండ్ కాంట్రాక్టర్లకు కట్టేది కూడా అందులోనే కలిసిపోతుంది, విమానాల ముక్క విడిగా దొరకదు. ఆదివారం కూర్చుని అయిదేళ్ల రిపోర్టులు తీసి పెడతాను.